జపాన్ ఎన్నికలు: ఓటరును అడిగింది ఒకటి, ఆ ఓటుతో చేసింది మరొకటి

2026 ఫిబ్రవరి 8న జరిగిన జపాన్ దిగువ సభ ఎన్నికల్లో ప్రధాని సనాయె తకాయిచి నాయకత్వంలోని లిబరల్ డెమొక్రటిక్ పార్టీ 465 స్థానాల్లో 316 గెలుచుకుంది. ఆ తర్వాత నేను చదివిన విశ్లేషణల్లోనూ, విన్న చర్చల్లోనూ దాదాపు ఒకే మాట తిరిగి తిరిగి వచ్చింది. చైనా ఒత్తిడికి జపాన్ ప్రజలు ఓటుతో జవాబు చెప్పారనీ, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన నాటి నుంచి పట్టుకు వేలాడిన శాంతి విధానాన్ని వదిలిపెట్టడానికి తమ సమ్మతి తెలిపారనీ ఆ మాటల సారాంశం. భారతదేశానికి ఇది మేలని కొందరు సంతోషించారు, ఆసియాకు కీడని మరికొందరు భయపడ్డారు. ఓటరు చెప్పింది ఇదేనన్న విషయంలో మాత్రం ఇరుపక్షాలకూ సందేహం లేదు.

నాకు ఆ సందేహం ఉంది. జపాన్ ఓటరు ఎక్కువసార్లు తన ఇంటి లెక్క చూసుకుని ఓటు వేస్తాడు. పింఛను, పన్ను, పెట్రోలు, బియ్యం అతని ముందుంటాయి. ఆ ఓట్ల వల్ల రెండు సభల్లో ఏర్పడే సంఖ్యాబలం ఆ దేశం సరిహద్దులు దాటి ఏం చేయగలదో, ఏం చేయలేదో నిర్ణయిస్తుంది. ఆ రెండో సంగతిని ఓటరును సూటిగా అడిగిన సందర్భాలు చాలా తక్కువ. కాబట్టి ఒక పార్టీకి వచ్చిన స్థానాల సంఖ్యను విదేశాంగ విధానంపై ప్రజాతీర్పుగా చదవకూడదని నా వాదన. ఈ వాదనకు ఎదురు నిలిచే ఉదాహరణలు కూడా ఉన్నాయి, వాటి దగ్గరకు తర్వాత వస్తాను.

పింఛను ఖాతాలు, హిందూ మహాసముద్రంలో ఓడలు

2007 జూలై 29 నాటి ఎగువ సభ ఎన్నికలను నేను ఈ విషయంలో అన్నిటికంటే మంచి పాఠంగా భావిస్తాను. ఎగువ సభ సొంతంగా ప్రధానిని ఎన్నుకోజాలదు. ఎన్నుకునే ఓటింగు అక్కడా జరుగుతుంది కానీ రెండు సభలూ విభేదిస్తే దిగువ సభ మాటే చెల్లుతుంది. బడ్జెట్టుకూ, ఒప్పందాల ఆమోదానికీ అదే నియమం. అందుకే బయటివారు ఆ సభను అలంకారప్రాయమని అనుకుంటారు. ఆ ఏడాది ఎన్నికల్లో చర్చకు వచ్చిన అంశం కూడా పూర్తిగా ఇంటి విషయమే. దాదాపు 5 కోట్ల పింఛను రికార్డులు ఎవరివో తేలకుండా పడి ఉన్నాయని అప్పుడే బయటపడింది. జీవితమంతా చందా కట్టిన వృద్ధులు కార్యాలయాల ముందు వరుసలు కట్టి తమ ఖాతాలో ఏ ఏడాది గల్లంతైందో అడగవలసి వచ్చింది. ప్రతిపక్షమైన డెమొక్రటిక్ పార్టీ నాయకుడు ఇచిరో ఒజావా ‘ప్రజల జీవితమే ప్రథమం’ అన్న నినాదంతో నగరాలను వదిలి పల్లె జిల్లాలు తిరిగాడు, రైతులకు ఆదాయ భరోసా ఇస్తానన్నాడు. ఒక్కొక్క స్థానం మాత్రమే ఉన్న 29 నియోజకవర్గాల్లో అధికార పక్షానికి దక్కినవి 6. మొత్తం మీద డెమొక్రటిక్ పార్టీకి 60, లిబరల్ డెమొక్రటిక్ పార్టీకి 37 స్థానాలు వచ్చాయి. 242 స్థానాల ఎగువ సభ ప్రతిపక్షం చేతికి వెళ్ళింది.

ఆ ప్రచారంలో హిందూ మహాసముద్రం గురించి ఓటర్లను ఎవరూ అడగలేదు. అయితే అఫ్గానిస్థాన్ యుద్ధంలో పాల్గొంటున్న నౌకలకు అక్కడ జపాన్ నౌకాదళం 2001 నుంచి ఉచితంగా ఇంధనం నింపుతూ వచ్చింది, దానికి అనుమతినిచ్చిన ప్రత్యేక చట్టం గడువు 2007 నవంబరు 1న ముగుస్తుంది. పొడిగించాలంటే ఎగువ సభ కూడా ఒప్పుకోవాలి. ఎన్నికలు ముగిసిన పది రోజులకు, ఆగస్టు 8న, అమెరికా రాయబారి థామస్ షీఫర్ స్వయంగా డెమొక్రటిక్ పార్టీ కార్యాలయానికి వెళ్ళాడు. ఒజావా ఆయనను లోపలి గదిలోకి తీసుకువెళ్ళలేదు. టీవీ కెమెరాలన్నీ చూస్తుండగా ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఆ యుద్ధానికి ఐక్యరాజ్యసమితి నేరుగా అనుమతి ఇవ్వలేదు కాబట్టి తాము మద్దతు ఇవ్వలేమని చెప్పాడు. అమెరికా రాయబారికి టోక్యోలో, అందరి ముందు, ఒక పార్టీ నాయకుడు కాదని చెప్పగలగడానికి అతని వెనక ఉన్న బలం పింఛను ఖాతాలు పోగొట్టుకున్న వృద్ధుల ఓటు.

అప్పటి ప్రధాని షింజో అబే అదే నెల 22న ఢిల్లీ వచ్చి మన పార్లమెంటులో హిందూ, పసిఫిక్ మహాసముద్రాల సంగమం గురించి ప్రసంగించాడు. ఇండో-పసిఫిక్ అన్న ఆలోచనకు మూలంగా ఈనాటికీ అందరూ తలచుకునే ప్రసంగం అది. దాన్ని ప్రస్తావించే వ్యాసాలు, ఆ మనిషి అప్పటికే స్వదేశంలో ఓడిపోయి వచ్చాడన్న సంగతిని దాదాపు ఎప్పుడూ చెప్పవు.

మా విశాఖకు ఆ సెప్టెంబరు మరో విధంగా గుర్తు. 4 నుంచి 9 వరకు బంగాళాఖాతంలో భారత్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, సింగపూర్ నౌకాదళాలు కలిసి మలబార్ విన్యాసాలు చేశాయి. వాటికి నిరసనగా వామపక్షాలు ఒక జాతాను చెన్నై నుంచి, ఇంకొక జాతాను కోల్‌కతా నుంచి నడిపి రెండింటినీ విశాఖలో కలిపాయి. ఊరంతా మాట్లాడుకున్నది అమెరికా విమానవాహక నౌకల గురించీ, అణు ఒప్పందం గురించీ, కేంద్ర ప్రభుత్వం నిలుస్తుందా పడుతుందా అన్న దాని గురించీ మాత్రమే. జపాన్ ఓడలు ఎందుకు వచ్చాయో, మళ్ళీ వస్తాయో రావో అడిగినవారు నాకు తారసపడలేదు. విన్యాసాలు ముగిసిన 9వ తేదీనే సిడ్నీలో అబే, ఇంధన సరఫరా కొనసాగింపుకు తన పదవినే పణంగా పెడతానన్నాడు. 12న రాజీనామా ప్రకటించాడు. ఆరోగ్యం బాగా దెబ్బతిన్నదని తర్వాత తెలిసింది కానీ, ఆరోగ్యం బాగున్నా ఆ చట్టాన్ని ఎగువ సభ దాటించే దారి ఆయనకు లేదు. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో ప్రభుత్వం మారి, కొత్త ప్రభుత్వం కూడా వెనక్కి తగ్గడంతో నాలుగు దేశాల కూటమి (క్వాడ్) ప్రయత్నం పదేళ్లపాటు మూలనపడింది. దాన్ని మూలన పడేసిన కారణాలు అనేకం, వాటిలో ఒకటి మాత్రం ఒకాయామా, షిమానే వంటి ప్రాంతాల పల్లె ఓటర్లు జూలైలో వేసిన ఓటని నేను గట్టిగా నమ్ముతాను.

నవంబరు 1న చట్టం గడువు తీరింది. ‘తొకివా’ అనే సరఫరా నౌక పని ఆపి ఇంటిముఖం పట్టింది. కొత్త ప్రధాని యసువో ఫుకుదా మరో బిల్లు తెచ్చాడు. 2008 జనవరి 11న ఎగువ సభ దాన్ని తిరస్కరించింది. అదే రోజు దిగువ సభ మూడింట రెండు వంతుల ఆధిక్యంతో మళ్ళీ ఆమోదించి చట్టం చేసింది. రాజ్యాంగంలోని 59వ అధికరణం ఇచ్చే ఈ అధికారాన్ని అంతకు ముందు 57 ఏళ్లుగా ఎవరూ వాడలేదు. ఆ రెండు వంతుల ఆధిక్యం ఎక్కడి నుంచి వచ్చింది? 2005లో అప్పటి ప్రధాని జునిచిరో కొయిజుమి తపాలా శాఖ ప్రైవేటీకరణ మీద, కేవలం ఆ ఒక్క ప్రశ్న మీద, జరిపించిన ఎన్నికల నుంచి వచ్చింది. తపాలా శాఖ గురించి అడిగి తీసుకున్న ఓటు, రెండేళ్లు దాటాక యుద్ధనౌకలకు ఇంధనం పోయడానికి పనికివచ్చింది.

అదే ఏడాది ఎగువ సభ అడ్డుకోవడంతో పెట్రోలుపై అదనపు పన్ను మార్చి 31న రద్దయి, ఏప్రిల్ నెలంతా లీటరు ధర సుమారు 25 యెన్‌లు తగ్గింది, నెలాఖరున అదే రెండు వంతుల ఆధిక్యంతో ప్రభుత్వం పన్నును తిరిగి విధించింది. కేంద్ర బ్యాంకు గవర్నరు విషయంలో మాత్రం ఆ ఆయుధం పనిచేయలేదు. ఇటువంటి నియామకాలకు రెండు సభల సమ్మతీ తప్పనిసరి. ఎగువ సభ ఒకరి తర్వాత ఒకరుగా ఇద్దరు అభ్యర్థులను తిరస్కరించడంతో, ప్రపంచ ఆర్థిక సంక్షోభం ముంచుకువస్తున్న ఆ మార్చిలో జపాన్ బ్యాంకుకు గవర్నరు లేకుండా పోయాడు. ఈ తేడాను గుర్తుంచుకోవాలి, 2026 ఫలితం గురించి మాట్లాడేటప్పుడు మళ్ళీ అవసరం పడుతుంది.

పన్ను వాయిదా పేరుతో

2006 నుంచి 2011 వరకు జరిగిన భారత్-జపాన్ వార్షిక శిఖరాగ్ర సమావేశాల్లో మన్మోహన్ సింగ్ ఎదుట జపాన్ ప్రధానులుగా అబే, అసో, హతోయామా, కాన్, నోదా కూర్చున్నారు. 2012 నవంబరులో ఆయన టోక్యో వెళ్ళవలసి ఉండగా, నోదా సరిగ్గా అదే వారంలో దిగువ సభను రద్దు చేయడంతో ప్రయాణం ఆగిపోయింది. ఆ సమావేశం 2013 మే నెలలో, మళ్ళీ ప్రధాని అయిన అబేతో జరిగింది.

రెండోసారి వచ్చిన అబే 2007ను మరచిపోలేదు. 2013 జూలైలో ఎగువ సభను కూడా గెలిచేవరకు ఆర్థిక విధానం గురించే మాట్లాడాడు. గెలిచిన తర్వాత డిసెంబరులో రహస్య సమాచార పరిరక్షణ చట్టం వచ్చింది, జాతీయ భద్రతా మండలి ఏర్పడింది. 2014 జూలై 1న, మిత్రదేశంపై దాడి జరిగి అది జపాన్ మనుగడకే ముప్పయినప్పుడు ఆయుధం పట్టవచ్చునని మంత్రివర్గం రాజ్యాంగానికి కొత్త భాష్యం చెప్పింది. దానికి చట్టరూపం ఇవ్వకముందే, డిసెంబరులో ఎన్నికలు జరిపించాడు. ప్రజలను అడిగిన ప్రశ్న వినియోగ పన్నును 8 నుంచి 10 శాతానికి పెంచడాన్ని వాయిదా వేయాలా అన్నది. పన్ను పెంపు వాయిదాను కాదనే ఓటరు ఎక్కడ ఉంటాడు? పోలింగు 52.66 శాతం. ఒక్కొక్క స్థానమే ఉన్న నియోజకవర్గాల్లో 48 శాతం ఓట్లతో అబే పార్టీకి 295లో 223 స్థానాలు దక్కాయి. ఓట్ల నిష్పత్తిలో స్థానాలు పంచే దామాషా జాబితాకు పడిన ఓట్లు 33 శాతం మాత్రమే.

2015 జూన్ 4న దిగువ సభలోని రాజ్యాంగ సంఘం ముగ్గురు న్యాయశాస్త్ర ఆచార్యులను పిలిచింది. వారిలో యసువో హసెబె అధికార పక్షం సూచించిన సాక్షి. ఆ కొత్త భాష్యానికి చట్టరూపమిచ్చే భద్రతా బిల్లులు రాజ్యాంగ విరుద్ధమని ఆయనతో సహా ముగ్గురూ చెప్పారు. ఆ వేసవిలో పార్లమెంటు చుట్టూ జనం చేరారు. ఆగస్టు 30న 1,20,000 మంది వచ్చారని నిర్వాహకులు లెక్క చెప్పారు, పోలీసుల లెక్క అందులో మూడో వంతు కూడా లేదు. ఏ లెక్క తీసుకున్నా టోక్యోలో అటువంటి సభ చాలా కాలంగా ఎవరూ చూడలేదు. సెప్టెంబరు 17న ఎగువ సభ సంఘంలో అధ్యక్షుడి కుర్చీ చుట్టూ సభ్యులు తోసుకుంటుండగా, ఎవరు ఏమంటున్నారో వినిపించని గలాటా మధ్య, బిల్లులు ఆమోదం పొందినట్లు ప్రకటించారు. 19వ తేదీ తెల్లవారుజామున అవి చట్టాలయ్యాయి. పన్ను వాయిదా కోసం వేసిన ఓటు అక్కడికి చేరింది.

నా వాదనకు ఎదురయ్యే ప్రశ్నలు

ఇక్కడ ఒక మిత్రుడు నాతో ఎప్పుడూ వాదిస్తాడు. ప్రజలకు తెలియకుండా ఇదంతా జరిగిందని నువ్వు అంటున్నావు, మరి తెలిసిన తర్వాత 2016లో ఎగువ సభ, 2017లో దిగువ సభ ఎన్నికలు వచ్చాయి కదా, అబేను ఎందుకు ఓడించలేదని అడుగుతాడు. ఇది తేలిగ్గా తోసివేయదగిన ప్రశ్న కాదు. ప్రతిపక్షం 2017లో ఎన్నికల ముంగిట్లోనే ముక్కలైందనీ, సగం మందికి కొద్దిగా పైన మాత్రమే ఓటు వేస్తున్నారనీ నేను చెప్పగలను. అయినా పూర్తి జవాబు అది కాదు. జపాన్ ప్రజల్లో చాలామంది ఆ మార్పులను ఇష్టపడకపోయినా భరించగలిగారన్నది నిజం. ఉత్తర కొరియా క్షిపణులు 2017లో హొక్కాయిదో మీదుగా ఎగిరాక, భరించడం కొంత అంగీకారంగా కూడా మారింది. అంగీకారం తర్వాత వచ్చినంత మాత్రాన ముందు అడగకపోవడం ఒప్పవుతుందా అన్నదే నా అభ్యంతరం.

రెండో ప్రశ్న దీనికంటే కష్టమైనది. విదేశాంగ విషయాన్ని ఎన్నికల్లో సూటిగా పెట్టిన సందర్భం ఒకటుంది, దాని ఫలితం బాగుండలేదు. 2009 ఆగస్టులో డెమొక్రటిక్ పార్టీ 480లో 308 స్థానాలు గెలిచింది. ఒకినావాలోని ఫుతెన్మా అమెరికా స్థావరాన్ని కనీసం ఆ ద్వీపం బయటికైనా తరలిస్తానని ఆ పార్టీ నాయకుడు యుకియో హతోయామా ప్రచారంలో మాట ఇచ్చాడు. ఇంధన సరఫరా నౌకలను 2010 జనవరిలో వెనక్కి పిలిపించగలిగాడు కానీ, ఫుతెన్మా విషయంలో అమెరికా ఒప్పుకోలేదు, సొంత అధికారులు సహకరించలేదు, స్థావరాన్ని తీసుకుంటామన్న మరో జిల్లా ముందుకు రాలేదు. మే నెలలో మాట తప్పవలసి వచ్చింది. నిర్ణయంపై సంతకం చేయనన్న మిత్రపక్ష మంత్రి మిజుహో ఫుకుషిమాను తొలగించి, జూన్ 2న తానే రాజీనామా చేశాడు. అడిగి చేయబోయినవాడు ఎనిమిది నెలల్లో పడిపోతే, అడగకుండా చేసినవాడు ఏళ్ల తరబడి నిలిచాడు. అప్పటి నుంచి జపాన్ నాయకులందరూ ఈ పాఠాన్నే ఒంటబట్టించుకున్నారనిపిస్తుంది. దీన్ని చూపి, విదేశాంగ వ్యవహారాలు ఓటు పెట్టెకు లొంగవని ఎవరైనా అంటే వారి మాటలో బలముంది. నేను మాత్రం హతోయామా తప్పు ప్రజలను అడగడం కాదనీ, అమెరికాను అడగకుండా ప్రజలకు మాట ఇవ్వడమనీ అంటాను.

మూడోది, మన దేశంతో సంబంధాలు. ప్రధానులు ఏడాదికొకరు మారిన ఆ కాలంలోనే, 2008 అక్టోబరులో అసో హయాంలో భద్రతా సహకార ప్రకటన వచ్చింది. 2011 ఫిబ్రవరిలో కాన్ హయాంలో సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం కుదిరింది. అంటే ఏ పార్టీ వచ్చినా భారత్ వైపు అడుగులు ఆగలేదు. ఇది నిజమే, ఎందుకంటే ఈ విషయంలో అక్కడి పార్టీల మధ్య తగవు లేదు, కొత్త చట్టం చేయవలసిన అవసరమూ రాలేదు. ఎన్నికల ప్రభావం తగవున్న చోట, చట్టం కావలసిన చోట, సైన్యాన్ని కదిలించవలసిన చోట పడుతుంది.

కుటుంబానికి ఒక్క సంచి

టోక్యోలోని నిషి-కసాయిలో మన తెలుగువాళ్లు చాలామంది ఉంటారు. 2025 జూలైలో అక్కడి స్నేహితుడొకరు ఫోన్లో చెప్పిన రెండు విషయాలు నాకు బాగా గుర్తున్నాయి. సూపర్ మార్కెట్లో బియ్యం అరల దగ్గర కుటుంబానికి ఒక్క సంచి మాత్రమే అన్న కాగితం అతికించి ఉందనీ, రెండేళ్ల కిందట 2,000 యెన్‌ల చుట్టుపక్కల ఉన్న 5 కిలోల సంచి 4,000 దాటిందనీ ఒకటి. స్టేషను ముందు తెల్ల చేతి తొడుగులు వేసుకున్న అభ్యర్థులు మైకు బండి మీద నిలబడి ‘జపనీయులే ముందు’ అని చెబుతుంటే, అటుగా పిల్లను బడి నుంచి తీసుకువస్తూ తాను తల దించుకుని నడిచాననీ రెండోది. అతనికి ఓటు లేదు. పన్ను కడతాడు, పింఛను చందా కడతాడు.

ఆ ఎగువ సభ ఎన్నికల్లో అసలు కోపం బియ్యం ధర మీదా, నిత్యావసరాల మీదా. మద్దతుదారులు ఇచ్చే బియ్యమే సరిపోతుంది, తానెప్పుడూ కొనలేదని చెప్పిన వ్యవసాయ మంత్రి తకు ఎతో మే నెలలోనే పదవి పోగొట్టుకున్నాడు. ఆయన స్థానంలో వచ్చిన షింజిరో కొయిజుమి ప్రభుత్వ నిల్వలను సగం ధరకు విడుదల చేసినా కోపం చల్లారలేదు. జూలై 20న అప్పటి ప్రధాని షిగేరు ఇషిబా ప్రభుత్వ కూటమికి 47 స్థానాలు వచ్చాయి, ఆధిక్యం నిలవడానికి 50 కావాలి. 2024 అక్టోబరులో నిధుల కుంభకోణంతో దిగువ సభలో ఆధిక్యం పోగొట్టుకున్న కూటమి ఇప్పుడు ఎగువ సభనూ పోగొట్టుకుంది. ‘జపనీయులే ముందు’ నినాదం ఎత్తుకున్న సాన్‌సెయితో అనే కొత్త పార్టీ 14 స్థానాలు గెలిచింది.

ఎన్నికలైన రెండు మూడు రోజులకే అమెరికాతో సుంకాల ఒప్పందం ప్రకటితమైంది. 25 శాతం విధిస్తామన్న సుంకం 15కు తగ్గింది, బదులుగా 55,000 కోట్ల డాలర్ల పెట్టుబడుల మాట ఇచ్చారు. పోలింగుకు ముందు ఓటరు ముందు ఈ లెక్క లేదు. ఆగస్టు చివరన మన ప్రధాని టోక్యో వెళ్ళి, పదేళ్లలో 10 లక్షల కోట్ల యెన్‌ల ప్రైవేటు పెట్టుబడుల లక్ష్యాన్ని ఇషిబాతో కలిసి ప్రకటించారు. సెప్టెంబరు 7న ఇషిబా రాజీనామా చెప్పాడు. 2007లో ఆగస్టు అతిథి, 2025లో ఆగస్టు ఆతిథేయి, ఇద్దరూ ఎగువ సభలో ఓడి సెప్టెంబరులో రాజీనామా ప్రకటించినవారే.

తర్వాత జరిగినది ఓటరు చేతిలో లేనిది. అక్టోబరు 4న తకాయిచి పార్టీ అధ్యక్షురాలైంది. 10న, 1999 నుంచి కూటమిలో ఉన్న కొమెయితో పార్టీ రాజకీయ నిధుల సంస్కరణపై తగవుతో బయటికి నడిచింది. ఈ పార్టీ పాత్రను మన విశ్లేషకులు తక్కువ అంచనా వేస్తారు. బ్రిటన్, ఇటలీలతో కలిసి తయారు చేసే యుద్ధ విమానాన్ని ఇతర దేశాలకు అమ్మవచ్చునన్న 2024 మార్చి నిర్ణయానికి ఎన్నో షరతులు పెట్టించింది ఈ పార్టీయే. యుద్ధంలో ఉన్న దేశానికి అమ్మకూడదన్నది వాటిలో ఒకటి. పాతికేళ్లు కూటమి లోపలే ఉన్న ఆ అడ్డు పది రోజుల్లో తొలగింది. 20న ఇషిన్ పార్టీతో కుదిరిన ఒప్పందంలో ఆయుధ ఎగుమతులను కొన్ని రకాల సామగ్రికే పరిమితం చేసే నియమాన్ని ఎత్తివేయడం ఒక అంశం. ప్రధాని అయ్యాక తకాయిచి రక్షణ వ్యయాన్ని జీడీపీలో 2 శాతానికి చేర్చే గడువును రెండేళ్లు ముందుకు జరిపింది. బియ్యం ధర మీద, నిధుల కుంభకోణం మీద కోపంతో అధికార పక్షాన్ని శిక్షించిన రెండు ఎన్నికల తర్వాత, ఆ పక్షం విదేశాంగంలో మరింత దూకుడుగా తేలింది. ఓటరు కోరుకున్నది ఇదేనని ఎవరైనా చెప్పగలరా?

విదేశీయుల విషయంలో మాత్రం ఓటు సూటిగా పనిచేసింది. ఎగువ సభ ప్రచారం మధ్యలోనే, జూలై 15న, విదేశీయుల వ్యవహారాలకు ప్రభుత్వం ప్రత్యేక కార్యాలయం తెరిచింది. ఆ వాతావరణంలోనే అక్టోబరు 16 నుంచి వ్యాపార నిర్వహణ వీసాకు కావలసిన మూలధనాన్ని 50 లక్షల యెన్‌ల నుంచి 3 కోట్లకు పెంచారు. చిన్న హోటలు పెట్టుకుని బతుకుదామనుకున్న మనవాళ్లకు ఆ దారి దాదాపు మూసుకుపోయినట్లే.

316 స్థానాలతో ఏం చేయవచ్చు

2025 నవంబరు 7న పార్లమెంటులో ఒక ప్రశ్నకు సమాధానంగా, తైవాన్‌పై బలప్రయోగం జపాన్ మనుగడకు ముప్పు కలిగించే పరిస్థితి కావచ్చునని తకాయిచి అన్నది. ఆ ‘మనుగడకు ముప్పు’ అన్న చట్టపరమైన వర్గం 2015 భద్రతా చట్టాల్లోనిది. చైనా తన పర్యాటకులను జపాన్ వెళ్ళవద్దన్నది, సముద్ర ఉత్పత్తుల దిగుమతిని మళ్ళీ ఆపింది. దాంతో ఆమె ప్రజాదరణ తగ్గలేదు. 2026 జనవరి 23న దిగువ సభను రద్దు చేసి, పదహారు రోజుల్లో, నడి శీతకాలంలో ఎన్నికలు జరిపించింది.

కాబట్టి ఈసారి ఓటర్లకు ఆమె విదేశాంగ ధోరణి తెలియదని నేను అనలేను. తెలుసు. చాలామందికి అది నచ్చిందని కూడా ఒప్పుకుంటాను. నా వాదనకు ఇది అన్నిటికంటే గట్టి పరీక్ష. అయినా, ఆమె అడిగింది తాను ప్రధానిగా ఉండాలా వద్దా అని. పార్టీలు పోటీపడినది ఆహార పదార్థాలపై వినియోగ పన్ను ఎత్తివేత గురించి. కొమెయితో పార్టీ, పాత ప్రతిపక్షం కలిసి హడావుడిగా పెట్టుకున్న మధ్యేవాద కూటమికి 49 స్థానాలు మిగిలాయి. పదహారు రోజుల్లో ఆయుధ ఎగుమతుల గురించి, పెరిగే రక్షణ వ్యయానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న దాని గురించి, రాజ్యాంగ సవరణలో ఏ వాక్యం ఎలా మారుతుందన్న దాని గురించి చర్చ జరగడం సాధ్యం కాదు. ఒక నాయకురాలి మీద నమ్మకం వేరు, ఆమె తెచ్చే ప్రతి చట్టానికీ ముందుగానే ఇచ్చిన సమ్మతి వేరు.

316 అంటే మూడింట రెండు వంతులు దాటినట్లే. ఎగువ సభలో ప్రభుత్వ పక్షానికి ఇప్పటికీ ఆధిక్యం లేదు కానీ, 2008 జనవరిలో ఫుకుదా వాడిన 59వ అధికరణం ఇప్పుడు మిత్రపక్షం సాయం కూడా లేకుండా తకాయిచి చేతిలో ఉంది. ఎగువ సభ తిరస్కరించిన ఏ బిల్లునైనా ఆమె చట్టం చేయగలదు. ఆయుధ ఎగుమతుల నియమాలు చట్టాలు కూడా కావు, మంత్రివర్గం మార్చగలిగిన మార్గదర్శకాలు. చేయలేనివి రెండు మిగిలాయి. కేంద్ర బ్యాంకు వంటి నియామకాలకు ఎగువ సభ సమ్మతి లేకుండా కుదరదు. రాజ్యాంగ సవరణను ప్రతిపాదించాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతులు, అంటే 248 స్థానాల ఎగువ సభలో 166 మంది, ఒప్పుకోవాలి, ఆ తర్వాత ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. 2016లో సవరణ కోరే పక్షాలకు రెండు సభల్లోనూ ఆ బలం వచ్చింది. అయినా ఏ వాక్యం మార్చాలో వారిలో వారికే కుదరలేదు, 2019 ఎగువ సభ ఎన్నికల్లో ఆ బలం పోయింది.

తదుపరి ఎగువ సభ ఎన్నికలు 2028 వేసవిలో వస్తాయి. 2022లో, అబే హత్య జరిగిన రెండు రోజులకు, గెలిచినవారి పదవీకాలం అప్పుడు ముగుస్తుంది. యుద్ధాన్ని త్యజించే, రాజ్యాంగంలోని 9వ అధికరణాన్ని మార్చాలనుకుంటే, ఏ వాక్యం తీసి ఏ వాక్యం పెడతారో ఆ ఎన్నికల ప్రణాళికలో అచ్చువేసి, దాని మీదే ఓటు అడగాలని నేను కోరుకుంటున్నాను. ప్రజలు అవునంటే అది వారి తీర్పు, దాన్ని గౌరవిస్తాను. ఈలోగా మలబార్ విన్యాసాలకు జపాన్ ఓడలు వస్తూనే ఉంటాయి, 2020లోనూ 2024లోనూ అవి మా విశాఖ తీరానికే వచ్చాయి. 2024లో అవి ఇక్కడ లంగరు వేసి ఉండగానే, అక్టోబరు 9న, ఇషిబా టోక్యోలో దిగువ సభను రద్దు చేశాడు. మన పత్రికలు మలబార్ ఫొటోలు మొదటి పేజీలో వేశాక, జపాన్ ఎగువ సభలో ఎవరి బలం ఎంతో కూడా లోపలి పేజీలో ఒక పట్టిక వేస్తే, ఆ ఓడలు ఎంత దూరం, ఎంతకాలం మనతో వస్తాయో పాఠకుడే అంచనా వేసుకోగలడు.